స్పష్టంగా లేదు

దసరా పోయిన నాలుగో రోజు హరితకు పని దొరికింది. దొరికిందంటే పూర్తిగా కాదు, పది రోజుల పరీక్ష మీద.

ఉప్పల్‌లో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో ఆ ఆఫీసు. విజయశ్రీ మేడం ఆమె చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ తగిలించి, రైతులు సలహా కోసం ఫోన్‌లో మాట్లాడిన రికార్డింగులు పది వినిపించింది. విన్నది విన్నట్టు తెలుగులో టైపు చేయాలి; అది చదివే రైతులకు జవాబు పంపుతారు. అర్థం కాకపోతే కింద 'స్పష్టంగా లేదు' అనే గడిలో టిక్కు పెట్టాలి. పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లలు 'పునాస పెసరు' దగ్గరా, 'మొగి పురుగు' దగ్గరా ఆగి దిక్కులు చూస్తుంటే, హరిత తల ఎత్తకుండా కొట్టుకుంటూ పోయింది. అవన్నీ జనగామ అవతల తన ఊళ్లో రోజూ వినే మాటలే. పదింటికి పదీ సరిగ్గా వచ్చాయి. గడిలో ఒక్క టిక్కు లేదు.

"ఇంట్లో కంప్యూటర్ ఉందా? సౌండ్ మంచిగ వస్తదా?" అని మేడం అడిగింది.

తోడు వచ్చిన బావ తేజేష్ వెనక నుంచి అందుకున్నాడు. "మస్తు సెటప్ ఉన్నది మేడం. ఇరవై నాలుగు ఇంచుల మానిటర్."

మేడం హరిత వైపు చూసింది. హరిత తలూపింది. ఆమె మాట్లాడాల్సిన చోట ఎప్పుడూ తలే ఊగేది. ఇంటర్ వరకూ ఊరి బడిలో, మండలం కాలేజీలో అలాగే గడిచిపోయింది.

ఈ పది రోజుల మీద ఏముందో ఆమెకు బాగా తెలుసు. మామ కొమురెల్లి నాచారంలో ఒక కంపెనీలో మిషన్ ఆపరేటర్. ప్యాకింగు దగ్గర ఒక ఆడపిల్లకు చోటుందని సూపర్‌వైజర్‌తో అప్పటికే మాట్లాడి పెట్టాడు. "కూసొని జేసే పని దొరికితే మంచిదే బిడ్డా. లేకుంటే ఒకటో తారీఖు నుంచి నాతోటే రా" అన్నాడు. ఆ ప్యాకింగు హాలును హరిత ఒకసారి గేటు బయటి నుంచి చూసింది. అట్టపెట్టెల వరుస ముందు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఎక్కడా ఒక్క కుర్చీ కనిపించలేదు. తను వచ్చింది అక్కడ నిలబడడానికి కాదని ఆ రోజే గట్టిగా అనుకుంది, మనసులోనే.

మేనత్త త్రిపురసుందరి ఇల్లు కూడా నాచారంలోనే, రెండు గదులు. ముందు గదిలో టీవీ, దాని పక్క బల్ల మీద తేజేష్ లాప్‌టాప్. తేజేష్ ఘట్‌కేసర్‌లో ఇంజినీరింగు ముగించి ఏడాదిన్నరగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఒకసారి బండి జారి పడ్డప్పుడు లాప్‌టాప్ తెర నల్లబడిపోయింది. దాని స్పీకర్ల గొంతు కూడా పోయి చీమంత చప్పుడే మిగిలింది. అందుకని ఏఎస్ రావు నగర్ వెళ్లి మానిటర్ కొని, వైరుతో తగిలించాడు. బొమ్మ రావాలన్నా మానిటర్‌లోనే, సౌండ్ రావాలన్నా మానిటర్‌లోనే.

మొదటి రోజు హరిత దాని ముందు కూర్చుని మొదటి రికార్డింగు నొక్కింది. ఎవరో ముసలాయన మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడని మాత్రం తెలుస్తోంది. మాట వెనకే ఎవరో రేకుల మీద ఇసుక పోస్తున్నట్టు గరగర. మాట కాస్త పెద్దదైతే చాలు, బర్రుమని చిరిగిపోతోంది. తగ్గిస్తే మాటా ఇసుకా కలిసి తగ్గుతున్నాయి, పెంచితే రెండూ కలిసి పెరుగుతున్నాయి. ఒక్కో రికార్డింగు ఆరేడు సార్లు విని, ఇదై ఉంటుందని తెలిసినంత టైపు చేసింది. తెలియని చోట టిక్కు పెట్టింది. ఆ రోజు వచ్చిన నలభై రికార్డింగుల్లో పదిహేనింటికి టిక్కు పెట్టాల్సి వచ్చింది.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుందామని అత్తను అడిగింది.

"చెవులల్ల గవి కుక్కుకుంటే కుక్కర్ కూతలు ఎవలు లెక్కవెడ్తరే?" అంది అత్త. "నేను పిలిస్తె ఇనవడద్దా? మొన్న పక్కింటి దీప గట్లనే పెట్టుకొని కూసుంటె పాలన్నీ పొంగిపోయినయ్."

మూడో రోజు ధైర్యం చేసి బావకు చెప్పింది. తేజేష్ చెవుల్లో తన చిన్న తెల్ల ఇయర్‌బడ్స్ ఉన్నాయి. అవి బ్లూటూత్‌వి. అతను ఫోను, ఇంటర్వ్యూ, పాట అన్నీ వాటిలోనే వింటాడు. ఒకటి తీసి, "ఏందీ?" అన్నాడు.

"సౌండ్ గరగర అంటున్నది బావ."

అతను ఒక రికార్డింగు సగం విన్నాడు. "ఫోన్ల మాట్లాడిన రికార్డింగు గట్లనే ఉంటది. నువ్వు ఊర్లె మైక్‌సెట్టు ఇన్న మనిషివి గద, చెవులు గట్ల అలవాటైనయ్" అని నవ్వి, ఇయర్‌బడ్ మళ్లీ పెట్టుకున్నాడు.

ఆఫీసులో ఇలాంటి రికార్డింగులే అంత శుభ్రంగా ఎలా వినిపించాయని అడగాలనుకుంది. అప్పటికే అతని చెవులు మూసుకుపోయాయి.

ఆరో రోజు పొద్దున విజయశ్రీ మేడం ఫోన్ చేసింది. "హరితా, ఏమైంది? రోజూ పదిహేను, పదహారు టిక్కులు పెడుతున్నవ్. రాసిన వాటిల గూడ మస్తు తప్పులు. ఆఫీసుల ఒక్కటి పెట్టలే కద నువ్వు. సిస్టం మంచిగనే ఉందా?"

తేజేష్ అక్కడే చాయ్ తాగుతున్నాడు. ఉందని చెప్పమన్నట్టు గ్లాసు ఊపాడు. ఆ రోజు ఆఫీసులో 'మస్తు సెటప్' అన్నది అతనే. ఇప్పుడు లేదంటే అతని పరువు పోతుంది, అత్త ఇంటి పరువు పోతుంది.

"ఏం లేదు మేడం. మంచిగనే ఉన్నది" అంది హరిత.

"చూడు మరి. ఇంక నాలుగు రోజులే ఉన్నయ్. ఇట్లనే ఉంటే నేనేం చెయ్యలేను."

ఫోన్ పెట్టేశాక కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త చూసింది. ఎందుకని అడిగితే గరగర సంగతి బయటపడింది. వెంటనే ఇంట్లో పంచాయితీ మొదలైంది. అత్త మానిటర్ చుట్టూ తిరిగి, కింది అంచు దగ్గర వంగింది. అక్కడ స్పీకర్ల సన్నని బెజ్జాల మీద పసుపు ఎండి గట్టిపడి ఉంది.

"ఇగో! గిది ఎవలు వెట్టిన్రే?"

దసరా నాడు ఆయుధపూజకు మామ నట్లు బిగించే పానాలకు, బండికి, మిక్సీకి, కుట్టుమిషన్‌కు అన్నిటికీ బొట్లు పెట్టారు. గిన్నెలో పసుపు కలిపి ఇచ్చి, "కంపూటర్‌కు గూడ పెట్టు బిడ్డా, బావకు నౌకరి రావాలె" అన్నది అత్తే. తెర మీద పెడితే మరక పడుతుందని హరిత చాలా ఆలోచించి, మూడు బొట్లు కింది అంచుకు పెట్టింది. అక్కడ ఉన్నవి స్పీకర్ బెజ్జాలని ఆమెకు తెలియదు.

"నేనే అత్తమ్మ" అంది.

"గందుకే! ఎవలన్న స్పీకర్ల బొట్టు వెడ్తరా?" అన్నాడు తేజేష్, పెద్ద దొంగ దొరికినట్టు. "కొత్త మానిటర్. మొత్తం ఖరాబ్ జేసినవ్ గద."

"పోనీ తియ్‌రా, పోరికి ఎరుక లేక వెట్టింది" అంది అత్త. అని ఊరుకోలేదు. సాయంత్రం కూరగాయల బండి దగ్గర నలుగురికి చెప్పింది. "మా అన్న బిడ్డ, గంత పెద్ద కంపూటర్ పసుపువెట్టి కరాబ్ జేసింది" అని నవ్వుతూనే చెప్పింది. మర్నాడు పై అంతస్తు ఆవిడ మెట్ల మీద ఎదురై, "ఏమ్మా, మా టీవీకి గూడ బొట్టు వెడ్తవా?" అంది.

ఏడో రోజంతా హరిత గుండుసూదితో, పాత పళ్ల బ్రష్‌తో ఒక్కొక్క బెజ్జం గోకింది. పసుపు పొడిపొడిగా రాలింది. అన్ని బెజ్జాలూ తెరుచుకున్నాయి. రికార్డింగు పెట్టింది. గరగర అలాగే ఉంది.

ఆ రోజు కూడా పద్నాలుగు టిక్కులు పడ్డాయి.

ఎనిమిదో రోజు ఆదివారం. పోచారంలో బంధువుల గృహప్రవేశానికి అందరూ వెళ్లారు. "నీకు పనున్నది గద, ఇల్లు సూస్కో" అంది అత్త. తలుపు వేసుకున్నాక హరిత నోట్‌బుక్ తెచ్చుకుంది. రోజూ ఏదో ఒకటి రాసుకునే పుస్తకమే అది. ఏదైనా ఎదుటి మనిషికి చెప్పలేకపోతే అందులో రాసేది. ఆ రోజు పైన 'తప్పు ఎక్కడున్నది?' అని రాసి, కింద గీత కొట్టింది.

మొదట రికార్డింగులోనే ఉందేమో చూద్దామనుకుంది. సౌండ్ మానిటర్‌లోంచి కాకుండా లాప్‌టాప్ లోంచే వచ్చేట్టు మార్చింది. ఆ చీమ గొంతు వినడానికి చెవి కీబోర్డుకు ఆనించాల్సి వచ్చింది. చాలా సన్నగా, ఎక్కడో బావి లోంచి వస్తున్నట్టు వినిపించింది ఒక రైతు మాట. సన్నగానే ఉంది గానీ గరగర లేదు. ప్రతి మాటా తెలుస్తోంది. 'రికార్డింగుల తప్పు లేదు' అని రాసింది.

తర్వాత మానిటర్. టీవీ వెనక ఉన్న సెట్‌టాప్ బాక్సు వైరు పీకి మానిటర్‌కు పెట్టింది. వార్తలు చదివే ఆవిడ గొంతు గది నిండా ఖంగున మోగింది. హరిత ఉలిక్కిపడి తగ్గించింది. ఏమాత్రం చిరగని గొంతు. అంటే మానిటర్ పాడవలేదు. పసుపు వల్ల కాదు. మూడు రోజులుగా ఇంట్లో, మెట్ల మీద, కూరగాయల బండి దగ్గర తన మీద పడ్డ మాట అబద్ధం. ఆమెకు సంతోషం కలగలేదు. 'మానిటర్ల తప్పు లేదు. బొట్టు వల్ల కాదు' అని రాసి, రెండో మాట కింద రెండు గీతలు గీసింది.

లాప్‌టాప్‌కు వాడే వైరునే సెట్‌టాప్ బాక్సుకు తగిలించి చూసింది. అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది లాప్‌టాప్ మానిటర్‌కు సౌండ్‌ను పంపే తీరు. ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని, ఆపుతూ, నడుపుతూ, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ పోల్చుకుంటూ సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లింది. అక్కడ మానిటర్ పేరు మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. అందులో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నచోట బాస్ చివరిదాకా పెంచి ఉంది. లౌడ్‌నెస్ అని ఉన్నదానికీ టిక్కు ఉంది. ఎవరో ఆ చిన్న స్పీకర్లను డీజే బాక్సులు అనుకున్నారు. ఎవరో ఏమిటి, తను కాక ఆ లాప్‌టాప్ ముట్టుకునేది ఒక్కడే.

బాస్ తగ్గించి, అన్నిటి టిక్కులూ తీసేసింది. సేవ్ నొక్కింది.

రికార్డింగు పెట్టింది. "నమస్తే సారు, నా పేరు ఉప్పలమ్మ" అంది ఒక ఆడమనిషి, పక్కన పీట వేసుకుని కూర్చున్నట్టు. వెనక మేక అరవడం కూడా వినిపించింది. హరిత ఆ మాట నాలుగుసార్లు వింది, పని కోసం కాదు, ఊరికే.

సాయంత్రానికి నలభై రికార్డింగులు అయ్యాయి. ఒక్క టిక్కు లేదు.

గృహప్రవేశం నుంచి రాగానే తేజేష్ ఒక రికార్డింగు విన్నాడు. "అరే, మంచిగైంది! నేను చెప్పలే? పసుపు పోతే అయితదని."

"పసుపు కాదు బావ. బాస్ పెంచి ఉండె. నేను తీసేసిన."

అతని మొహం మారింది. "గది నా సినిమాల కోసం పెట్టుకున్న. నిన్నెవలు ముట్టుకొమ్మన్నరు? అన్నీ పీకి పెట్టకు" అన్నాడు. ఇంకో మాట అంటాడేమో అని హరిత నిలబడింది. అతను చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకున్నాడు.

తొమ్మిదో రోజు, పదో రోజు కూడా ఒక్క టిక్కు పడలేదు. పదకొండో రోజు పొద్దున్నే తల దువ్వుకుని, నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని ఉప్పల్ వెళ్లింది. మేడం అడిగితే చూపించాలని. ఏ పరీక్ష తర్వాత ఏ పరీక్ష చేసిందో వరుసగా అందులో ఉంది.

మేడం కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. "చూడు. ఏడు రోజులు ఇట్ల. చివరి మూడు రోజులు ఇట్ల. ఒక మనిషి చేసినట్టు లేదు హరితా. ఎవరు కూర్చున్నరు?"

"నేనే మేడం."

"మరి ముందెందుకు ఇట్ల రాలే?"

"సౌండ్... మంచిగ లేకుండె మేడం."

"నేను ఫోన్ చేసి అడిగిన కద. మంచిగనే ఉందన్నవ్."

హరిత తల వంచుకుంది. మేడం కోపంగా లేదు. పని చేసిన మనిషెవరో తేల్చుకోవాలి, అంతే. ఫారంలో ఇంటి ఫోన్ నంబరు అని ఉన్న చోట తేజేష్ నంబరు ఉంది. దానికి కలిపి, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"అవ్ మేడం, నేనే సెట్ జేసిన" అన్నాడు తేజేష్. "సిస్టంల ప్రాబ్లం ఉండె. పోరి ఊర్లె చదువుకున్నది గద, కంప్యూటర్ అంటె భయం. మూడు రోజులు నేనే పక్కన కూసొని చెప్పిన."

"అంటే మీరు దగ్గరుండి చేయించిన్రు."

"మొత్తం నేనే చెక్ చేసిన మేడం. మీరు ఫికర్ జేయకున్రి."

ఆ గొంతులో ఎక్కడా గరగర లేదు. ప్రతి అక్షరం శుభ్రంగా వినిపించింది.

"నేనే సరిజేసిన మేడం" అంది హరిత.

మేడం ఫోన్ పెట్టేస్తూ, "ఏమన్నవ్?" అంది. గదిలో నలుగురు టైపు చేస్తున్నారు. వాళ్లలో ఇద్దరు హెడ్‌ఫోన్లు కాస్త జరిపి ఇటు చూశారు. హరిత చెయ్యి సంచిలోకి వెళ్లింది. నోట్‌బుక్ అట్ట వేళ్లకు తగిలింది. ఆ ఇద్దరూ ఇంకా చూస్తూనే ఉన్నారు.

"ఏం లేదు మేడం" అంది.

"నిన్ను తప్పు పట్టట్లేదు. కాని నీ పేరు మీద ఇంకొకరు చేస్తే నేను పైన ఏం చెప్పాలి?" మేడం కాసేపు పెన్ను తిప్పింది. "మీ బావ ఖాళీగనే ఉన్నడా?"

ఉప్పల్ నుంచి నాచారం దాకా హరిత నడిచే వచ్చింది. మెట్రో పైన వెళ్తుంటే కింద స్తంభాలు సన్నగా అదిరాయి. ఇల్లు చేరేసరికి అత్త సేమియా పాయసం చేస్తోంది. మేడం అప్పటికే తేజేష్‌కు ఫోన్ చేసి, ఆ పని అతనికే ఇచ్చేసింది.

"ఏందే, మొహం గట్ల పెట్టినవ్?" అంది అత్త, గరిటె తిప్పుతూ. "ఇంట్ల పని ఇంట్లనే ఉన్నది గద. ఎవలు జేస్తె ఏంది?"

తేజేష్ ఆమె కళ్లలోకి చూడలేదు. "నీకోసమే గట్ల చెప్పిన హరితా. నేనున్నా అంటె పని నీకే ఇస్తదనుకున్న. ఆమె గిట్ల జేస్తదని నాకేం ఎరుక?" అన్నాడు. అది నిజమే కావచ్చు. 'నేనే సెట్ జేసిన' అన్న మాట మాత్రం ఆమె కోసం అన్నది కాదు. అది ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం మామ వచ్చి విన్నాడు. "మరి పోరి సంగతేంది?" అని అడిగాడు.

"పోరికి మీ కంపెనీ ఉండనే ఉన్నది గద" అంది అత్త. మామ టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఒకటో తారీఖున హరిత మామ బండి వెనక కూర్చుని కంపెనీకి వెళ్లింది. ఆ రోజంతా అట్టపెట్టెలకు టేపు వేసింది. నిజంగానే ఎక్కడా కుర్చీ లేదు. మూడో రోజుకు మడమలు వాచాయి. ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది.

"హరితా, జర ఇటు రావా" అని పిలిచాడు తేజేష్, మానిటర్ ముందు నుంచి. "గీ ముసల్ది ఏమంటున్నదో చెప్పు. పొద్దటి సంది ఇరవై టిక్కులైనయ్. మేడం ఫోన్ జేసి తిడ్తున్నది."

ఆమె కదల్లేదు. "నా కాళ్లు గుంజుతున్నయ్ బావ."

"పోయి చెప్పరాదె" అంది అత్త లోపలి నుంచి. "గవన్నీ నీకు ఎరకైన మాటలేనాయె. ఒక్క నిమిషం పని."

హరిత లేచి వెళ్లింది. తేజేష్ తన కుర్చీ వదల్లేదు. ఆమె పక్కన నిలబడింది. అతను రికార్డింగు నొక్కాడు.

"సారూ, మాది చెరువు కింద మడి" అంటోంది ఒక ముసలామె. "గెట్టు పొంటి జాలు వట్టింది. నారు మొత్తం ఎర్రవడ్డది. నేనొక్కదాన్నే ఉన్న సారూ, మందు కొట్టెటోళ్లు గూడ లేరు. ఏం జెయ్యాల్నో జర చెప్పున్రి."

గట్టు వెంట నీళ్లు ఊరుతున్నాయంటోందని హరితకు వినగానే తెలిసింది. తను ఆ ఆదివారం సరిచేసిన స్పీకర్లే. ముసలామె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"ఏమన్నది?" అన్నాడు తేజేష్, కీబోర్డు మీద వేళ్లు పెట్టి.

హరిత మానిటర్ కింది అంచు వైపు చూసింది. బెజ్జాల్లో ఒక మూల ఇంకా కొంచెం పసుపు మిగిలి ఉంది.

"ఇంకోసారి పెట్టు" అంది.

అతను మళ్లీ పెట్టాడు. ముసలామె మళ్లీ మొత్తం చెప్పింది. సారును మళ్లీ అడిగింది.

"ఇనవడ్తలేదు బావ" అంది హరిత.

"అదేంది? మంచిగనే వస్తున్నది గద సౌండ్."

"ఏమో బావ. మైక్‌సెట్టు ఇన్న చెవులు గద."

తేజేష్ ఆమె మొహంలోకి చూశాడు. మెల్లగా మౌస్ జరిపి, కింద గడిలో టిక్కు పెట్టాడు. ముసలామె మడీ నారూ తెర మీద నుంచి పోయి, తర్వాతి రికార్డింగు వచ్చింది.

హరిత గోడ దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. ఆ ముసలామెకు ఎవరు చెప్తారిక అన్న ఆలోచన అప్పుడొచ్చింది. మడమలు పట్టుకుని నొక్కుకుంటూ కూర్చుంది. లోపల కుక్కర్ మళ్లీ కూత వేసింది.

"ఎన్నయినయే?" అని అరిచింది అత్త.

"మూడు" అంది హరిత.